ఎక్కడికి, ఎక్కడి నుంచి

ఆఫీసులో ఆమెకు సర్దుడక్క అని పేరు. ఎదురుపడితే అక్కా అంటారు, వెనక మాత్రం పూర్తి పేరు పలుకుతారు. పేరు ఊరికే రాలేదు. ఇంట్లోనూ ఏ వస్తువునూ ఉన్నచోట ఉండనివ్వదు. ఒకసారి వంటింట్లో డబ్బాల వరస మార్చింది. మర్నాడు పొద్దున బస్సు డ్రైవరైన ఆమె భర్త టీలో పంచదార బదులు ఉప్పు వేశాడు. చూసి వెయ్యకూడదా అంటే, "గేరు చూసి వేస్తామటే? కొత్త బండి ఇచ్చినా కొన్నాళ్ళు చెయ్యి పాత గేరుకే పోతుంది" అన్నాడు. ఆమె నవ్వి డబ్బాలకు పేర్లు అంటించింది. కొత్త వరస మాత్రం మార్చలేదు.

ఆమె పని ఒక ప్రోగ్రామింగ్ భాష తాలూకు స్టాండర్డ్ లైబ్రరీ చూసుకోవడం. ఆ భాషలో రాసే ప్రతివాడూ వాడుకునే ఉమ్మడి సామాను అది. అందులోనూ ఆమెది అట్టడుగు అర, మెమరీ ఫంక్షన్లు. కంప్యూటర్లో చోటు అడిగేవి, ఒకచోట ఉన్నదాన్ని మరోచోటికి నకలు చేసేవి, పనయ్యాక చోటు తిరిగి ఇచ్చేసేవి. ఏళ్ళ తరబడి తలా ఒకటి రాసి తలో మూలా పడేశారు. పైగా నకలు తియ్యమన్నప్పుడు ముందు 'ఎక్కడికి' చెప్పాలి, తర్వాత 'ఎక్కడి నుంచి'. ఆమెకు అది కంట్లో నలుసు. "ఇక్కణ్ణుంచి అక్కడికి అంటాం గానీ, అక్కడికి ఇక్కణ్ణుంచి అని ఏ కండక్టరైనా టికెట్ కొడతాడా?" అని ప్రతి మీటింగులోనూ వాదించింది. చివరకు విసిగిపోయి సరేనన్నారు. అన్నిటినీ ఒకే గూటికి చేర్చి, వరస తిప్పి, కొత్త లైబ్రరీ బయటికి వదిలింది. ఆమె జీవితంలో అంత పెద్ద పని అదే.

తర్వాత గుండె చప్పుడు రికార్డు చేసే చిన్న పెట్టెలు తయారుచేసే వర్క్‌షాపు నుంచి ఫోను వచ్చింది. ఒక పేషెంటు రోజుల తరబడి ఒంటికి కట్టుకున్న పెట్టె తెరిస్తే అంతా ఖాళీ. ఆపరేషను చెయ్యాలో వద్దో డాక్టరు ఆ రికార్డు చూసే చెప్పాలి. తమ ప్రోగ్రాములో తప్పు లేదని, కొత్త లైబ్రరీ పెట్టాకే ఇలా అయిందని వర్క్‌షాపతను చెప్పాడు. మీవాళ్ళే పాత వరసలో రాసి ఉంటారని ఆమె కొట్టిపారేసింది. అతను పంపిన ప్రోగ్రాములో వరస సరిగానే ఉంది.

శుక్రవారం సాయంత్రంలోగా తప్పు దొరక్కపోతే ఆమె సర్దిందంతా తీసేసి, ఆ అర కత్తెరకు అప్పగిస్తామని ఆఫీసు పెద్దాయన తేల్చేశాడు. ఏ కోడు కనిపించినా కొట్టేసే సహోద్యోగికి ఆఫీసు పెట్టిన పేరు కత్తెర. "సర్దాక ఏదీ దొరకదక్కా, మా ఇంట్లోనూ అంతే" అంటూ అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. కోడంతా చదివింది, మళ్ళీ చదివింది. కోడు సరిగా పనిచేస్తోందా అని చూసేందుకు రాసిపెట్టిన పరీక్షలన్నీ పాసవుతున్నాయి. వర్క్‌షాపతను మాత్రం ఫోను చేస్తూనే ఉన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఇక చేసేది లేక పరీక్షలనే చదవడం మొదలుపెట్టింది. చోటు చాలనప్పుడు పెద్ద చోటు తీసుకుని, పాతదాన్ని అందులోకి ఎత్తే ఫంక్షను ఒకటుంది. మెమరీ తక్కువున్న చిన్న యంత్రాలకే దాని అవసరం. ఎత్తాక రెండు చోట్లా ఒకేలా ఉందా అని పరీక్ష అడుగుతోంది. ఒకేలా ఉంది. ఎందుకుండదు? రెండూ ఖాళీ. ఆమె గబగబా ఫంక్షను తెరిచింది. ముందు ఎక్కడికి, తర్వాత ఎక్కడి నుంచి. పాత వరస. నిండిన చోటు మీదికి ఖాళీని నకలు తీసింది, ఉన్నదంతా చెరిగిపోయింది. రాసింది ఆమే, పరీక్ష పెట్టిందీ ఆమే. రెండూ మెమరీ చిరునామాలే కాబట్టి తారుమారైనా కంప్యూటరు కిక్కురుమనలేదు.

కత్తెర చూశాడు. ఈసారి వేళాకోళమాడలేదు. "రెండు మాటలు అటూ ఇటూ మార్చెయ్. దొరికిందని చెప్పు. నీ అర నీకుంటుంది."

"వరస మార్చిందాన్ని నేను. నా చెయ్యే పాతదానికి పోయింది," అంది. "బయట ఎన్ని చేతులున్నాయిరా?"

అతను ఫోను ఆమె ముందుకు జరిపాడు.

వర్క్‌షాపతనికి ఫోను చేసి తప్పు తనదేనని చెప్పింది. పోయింది తిరిగి వస్తుందా అని అడిగాడతను. రాదంది. "మళ్ళీ పెట్టె కట్టాలి. ఆ పేషెంటుకు ఓపిక ఉంటే," అని పెట్టేశాడు.

పెద్దాయన గదిలోకి వెళ్ళి వరసంతా వెనక్కి తిప్పేస్తానని ఆమే చెప్పింది. ఆయన తల పైకెత్తకుండానే మంచిదన్నాడు. అర కత్తెరకే వెళుతుందన్నాడు, తిప్పడం అయ్యాక.

సీటుకొచ్చి మొదటి ఫంక్షను తెరిచింది. పాత వరసలో రాయాలి, అంతే. రాసి చూసుకుంది. ముందు ఎక్కడి నుంచి, తర్వాత ఎక్కడికి. ఇన్నాళ్ళూ రమ్మన్నా రాని కొత్త వరస ఇప్పుడొచ్చి కూర్చుంది. చెరిపేసి మళ్ళీ రాసింది. ఏది రాసినా తప్పులాగే కనబడుతోంది. కుర్చీ పక్కకు జరిపి, "ఇక్కడ కూర్చోరా. నేను రాస్తుంటే చూడు," అంది కత్తెరతో.