ఓడటానికి జాగ ఉంచిన సారు

కోరుట్లలో సైన్సు సారు కాలం చేశారని మా పెద్దబిడ్డ ఫోన్ చేసి చెప్పింది. ఆమెకు బడిలో పాఠం చెప్పింది ఆయనే. నాకు చేనులో చెప్పారు.

మనిషి బక్కపలచన, నవ్వు పెద్దది. వాట్సాప్‌లో ఎవరు ఏ వింత పంపినా, “మంచిగుంది. గిది అబద్ధమైతె ఎట్ల తెలుస్తది?” అని అడిగేవారు. పెళ్లి బంతిలో పక్కన కూర్చున్నవాళ్లనూ వదిలేవారు కాదు.

పోయిన ఏడాది మా బోరు ఎండిపోయింది. పసుపు ఇంకా తవ్వకానికి రాలేదు. నీళ్లు లేకపోతే పంట పోయినట్టే. మా బామ్మర్ది మెట్‌పల్లి నుంచి నీళ్లు చూసేవాణ్ని తెచ్చాడు. అతను అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని చేనంతా నడిచాడు. ఓ మూలకు రాగానే కాయ నిటారుగా లేచింది.

“గిది పాతకాలపు నమ్మకం గాదు కాకా, క్వాంటమ్ ఎనర్జీ. నా యూట్యూబ్ చూడు,” అన్నాడు. మాట బరువుగా ఉంది. తలూపాను.

కబురు విని వచ్చిన సారు తువ్వాల తీశారు. “మంచిది తమ్మీ. గిది కండ్లకు కట్టుకొని మల్ల నడువు. గా మూలకే కాయ లేస్తె నేను నీ శిష్యుణ్ణయిత.”

అతను ధైర్యంగానే కట్టించుకున్నాడు. సారు చేయి పట్టి అటూ ఇటూ తిప్పారు. ఈసారి కాయ మా పెంటకుప్ప పక్కన లేచింది.

“గీడ బోరేస్తె బర్లకు సుఖమే!” అంది మా ఇంటామె.

“మీ అనుమానానికి ఎనర్జీ చెదిరింది,” అన్నాడతను.

“లేస్తె నీ గొప్ప, లేవకుంటె మా తప్పా? ఓడిపోయెటందుకు జాగ లేని ఆట సైన్సు గాదు తమ్మీ,” అన్నారు సారు. అతనికి ఛాయ్ మాత్రం తన చేత్తోనే అందించారు.

తర్వాత జగిత్యాల నుంచి భూగర్భ జలాలు చూసే ఇంజనీరును పిలిపించారు. ఆయన నేలలో ఇనుప కడ్డీలు దింపి, వైర్లు బిగించి కొలిచి, ఒకచోట గుర్తు పెట్టాడు. “నీళ్లు పడాలె. పడకపోవచ్చు గూడ,” అన్నాడు. బోరుబండి వచ్చింది. దుమ్మే లేచింది.

“ఏమాయె సారూ, మీ సైన్సు?” బామ్మర్ది ఎత్తిపొడిచాడు.

సారు ముఖం చిన్నబోయింది. అయినా అందరూ వినేలా అన్నారు: “తప్పింది. రమ్మన్నది నేనే. ఏడ తప్పిందో చూద్దాం.” ఇంజనీరూ ఆయనా బోరులోంచి వచ్చిన రాతిపొడిని పిడికిట్లోకి తీసుకుని చూశారు. మళ్లీ కొలిచి, గుర్తు ఇంకోపక్కకు మార్చారు.

బండివాడు తొందరపెడుతున్నాడు. “కొబ్బరికాయ లేచిన మూలకే ఏయిద్దాం బావా,” అన్నాడు బామ్మర్ది. అందరూ నా మొహం చూశారు. నేను ఎక్కువ ఆలోచించలేదు. తప్పిందని నోరు తెరిచి చెప్పిన మనిషి పక్కకు వెళ్లి నిలబడ్డాను.

“సారు చెప్పిన కాడనే ఎయ్యిండ్రి.”

నీళ్లు ఎగజిమ్మాయి. దండం పెట్టబోతే సారు నా చేతులు పట్టుకున్నారు. “గీ ఒక్కదాన్ని చూసి నమ్మకు. రేపు మల్ల తప్పచ్చు.”

ఆయన తెల్లచొక్కా నిండా బూడిదరంగు బురద. కళ్లద్దాలు తుడుద్దామని చొక్కా అంచు పట్టుకున్నారు, అదీ బురదే. ఎంత తుడిస్తే అంత మసక. చివరికి అద్దాలు చేతిలో పట్టుకుని, నీళ్ల చప్పుడు వైపు మొహం తిప్పి, తడుస్తూ, నవ్వుతూ నిలబడిపోయారు.