ఆ ఆదివారం రాని గడియారం

డయాలసిస్ సెంటర్‌లో పేషంట్లకు వంతులు వేసే ఆమెను అందరూ కౌంటరక్క అంటారు. ఇది ఆమె ఆగి ఆగి చెప్పిన సంగతి.

వంతుల పట్టిక లోపలి గదిలోని కంప్యూటర్‌లో ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరవడానికి అక్క రోజూ తంటాలు పడేది. "అడ్రస్‌లు కొట్టడం నీ వల్ల కాదుగానీ, తలుపు పెట్టిస్తా, తట్టు చాలు" అని తమ్ముడు ఆ వెబ్ పేజీనే విడి యాప్‌గా చేసి, తెర మీద తలుపు బొమ్మ పెట్టాడు. అవతల ఉన్నది మన కంప్యూటరేనని హామీ ఇచ్చే సర్టిఫికెట్ కూడా అతనే తయారుచేశాడు. ఇచ్చినవారు అన్నచోట తన పేరు రాసుకున్నాడు.

"చూశావా, డాక్టరమ్మ సంతకంతో పాటు నా సంతకం కూడా నడుస్తోందిక్కడ!"

"నడిచింది చాల్లేరా, టీ చల్లారిపోతోంది."

దాని గడువు ఇంకా పది రోజులుందనగా, ఒక ఆదివారం, లారీ గుద్ది అతను పోయాడు.

పన్నెండో రోజు అక్క పనిలోకి వచ్చి తలుపు బొమ్మ నొక్కింది. తెల్లటి కిటికీ తెరుచుకుంది, అందులో ఏమీ లేదు. గడువు తీరితే ఇలాగే అవుతుందని వాడు ఎప్పుడో చెప్పాడు. కొత్తది చేయిస్తే వాడి పేరు పోతుంది. ఆమె తన కౌంటర్ కంప్యూటర్ తేదీని సరిగ్గా రెండు వారాలు వెనక్కి జరిపింది. పట్టిక వచ్చింది. వారాలు కలిశాయి, పేషంట్లు మామూలు వంతులకే వచ్చారు. పాత పేజీలో టిక్కులు అప్పటికే ఉన్నాయి కాబట్టి, వచ్చినవాళ్లను కాగితం మీద రాసుకుంది.

సోమవారం వచ్చి చూస్తే ఆ గడియారంలో కూడా వాడు పోయిన ఆదివారం దాటిపోయింది. సర్టిఫికెట్‌కు గడువింకా ఉంది. అయినా తేదీని మరో వారం వెనక్కి జరిపింది.

బుధవారం పేషంట్లలో ఒకరైన లెక్కల మాస్టారు ఫోన్ చేశారు. "రేపా, ఎల్లుండా తల్లీ?"

"ఎప్పటిలాగే శుక్రవారం మాస్టారూ."

డాక్టరమ్మ ఈ వారం ఆయన వంతును గురువారానికి మార్చింది. మూడు వారాల కిందటి పేజీ చూపిస్తున్న అక్క తెర మీద అది లేదు.

శుక్రవారం ఆయన్ని చక్రాల కుర్చీలో తెచ్చారు. కాళ్లు వాచిపోయాయి, ఊపిరి అందడం లేదు. నర్సులు పరుగున మిషన్‌కు పెట్టారు. రెండు గంటలకు గానీ మాట రాలేదు. అక్క మంచం పక్కన నిలబడి జరిగిందంతా చెప్పేసింది.

"తప్పు ఏ మెట్టు దగ్గర జరిగిందో తెలిసిందిగా," అన్నారాయన కళ్లు మూసుకునే. "అక్కణ్ణించి దిద్దుకో."

ఆమె తేదీ సరిచేసింది. తెల్ల కిటికీ వచ్చింది. సిస్టమ్స్ చూసే ఆయన్ని పిలిచింది.

"కొత్తదానికి ఎవరి పేరు పెట్టమంటారమ్మా?"

"సెంటర్ పేరే."

"పాతది తీసెయ్యనా?"

"తీసెయ్యండి అన్నా. తలుపు బొమ్మ మాత్రం ఉండనివ్వండి."

పట్టిక తెరుచుకుంది. ఆమె పేజీలు వెనక్కి తిప్పింది. ఆ ఆదివారం గడి ఖాళీగా ఉంది. ఆ రోజు సెంటర్‌కు సెలవు.