పీపా మీద పడ్డ చెయ్యి

మా ఎర్లన్‌బర్గ్‌లో రాజరికం పోయి నూరేళ్లు దాటింది. చట్టం దృష్టిలో ఆ రాజుల వంశంవాడు రూప్రెఖ్ట్ కూడా నాలాగే పన్ను కట్టే మనిషి. అయినా రొట్టెల కొట్టు ముందు అతను కనబడితే ముసలివాళ్లు టోపీలు తీస్తారు. అతను సిగ్గుపడి వాళ్లకంటే ఎక్కువగా తల వంచుతాడు. నేను మాత్రం వంచను. కోట వంటింట్లో అతనికి మూడు పూటలా వండిపెట్టిన జెంజిని నేను. నాకెందుకు ఆ మర్యాదలు?

తాతలు అతనికి మిగిల్చింది అడవి, రంపపు మిల్లు, బీరు కాచే కర్మాగారం, కోట. అడవిలో సగం చెట్లు పురుగు పట్టి నిలువునా ఎండిపోయాయి. కోటని శనివారాలు పెళ్లిళ్లకి అద్దెకిస్తారు. కింద మెట్ల మీద పెళ్లికూతురు ఫొటో దిగుతుంటే, పైన ఈయనగారు కారే కప్పు కింద బకెట్లు మారుస్తుంటాడు. పోనీ అమ్మేసి పోదామా అంటే కుదరదు. ఆస్తి ముక్కలు చెయ్యకూడదు, అమ్మకూడదు, పెద్ద మగబిడ్డే చూసుకోవాలి అని వాళ్ల పూర్వీకుడెవడో కట్టుబాటు పెట్టి చచ్చాడు. కోర్టుల సంగతి నాకు తెలీదు. ఆ కుటుంబం మాత్రం దానికి కట్టుబడి ఉంటుంది, అదే తంటా.

అతనికి వీటిలో ఏదీ అక్కర్లేదు. కుర్రతనంలో చర్చిల్లో గొట్టాలతో పాట పలికే ఆర్గన్‌లు బాగుచేసే పని నేర్చుకున్నాడు. ఆ గొట్టాల మధ్య దూరి, దుమ్ము కొట్టుకుని బయటికి వచ్చినప్పుడు అతని మొహం చూడాలి! తండ్రి వేటకెళ్లి గుండె ఆగి పడిపోయాడు. కబురందిన రోజే కుర్రాడు పనిముట్లు మూటగట్టుకుని ఇంటికొచ్చాడు. వచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు.

కిందటేడు వేసవిలో ఉత్తరాన సముద్రపు ఒడ్డునుంచి అతనికి ఆ పని నేర్పిన పాత మేస్త్రీ ఫోన్ చేశాడు. చూపు తగ్గింది, నా దుకాణం నువ్వు తీసుకో, నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ల పండగలోగా రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాను అన్నాడు. రూప్రెఖ్ట్ ఆ సంగతి నాకు చెబుతూ ఉల్లిపాయ తొక్కలు ఒలిచేశాడు, నేను ఒలవమనకుండానే.

"మరి ఇవన్నీ ఎవరు చూస్తారు నాయనా?" అన్నాను.

"సిడోనీ ఉందిగా పెద్దమ్మా. దానికి ఇష్టం, నాకు బరువు."

అబద్ధం కాదు. సిడోనీ అతని చెల్లెలు. బీరు కాచడం చదువుకుని వచ్చింది. కర్మాగారంలో పనివాళ్లు ఆవిడ అడుగుల చప్పుడు వింటే సిగరెట్లు ఆర్పేస్తారు, ఆవిడ సెలవు పెడితే దిగులుపడతారు. ఆడదై పుట్టడం ఒక్కటే ఆవిడ తప్పు.

ఇద్దరూ కలిసి ఒక ఆదివారం మధ్యాహ్నం బాబాయిని భోజనానికి పిలిచారు. లుడాల్ఫ్ దొర ఆ కుటుంబంలో మిగిలిన పెద్దతలకాయ. కట్టుబాటు మార్చే కాగితం మీద ఆయన సంతకం పెడితే దాయాదులంతా పెడతారు. నేను బాతు వేపుడు, దాని పులుసు, ఎర్ర క్యాబేజీ, బంగాళదుంప ముద్దలు చేశాను. రూప్రెఖ్ట్ సంగతి చెప్పాడు. ఆయన నోట్లో ముక్క నమిలి మింగాడు.

"ఆడపిల్లకా?" అన్నాడు చివరికి.

"ఆడపిల్లకే బాబాయ్. ఆ ఆడపిల్లకి జుట్టు కూడా నెరిసింది," అంది సిడోనీ. "మీ మీసాలకి పులుసంటింది, తుడుచుకోండి."

"చూశావా జెంజీ దీని నోరు! నీ దగ్గరే నేర్చింది."

"నా దగ్గర నేర్చుంటే ఇంత మర్యాదగా అనేది కాదు దొరా."

ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత చేతిగుడ్డతో మీసాలు తుడుచుకుని, నవ్వు కూడా తుడిచేసుకున్నాడు.

"చర్చి తిరునాళ్లలో మొదటి బీరు పీపాకి సుత్తితో కుళాయి దిగ్గొట్టి తెరిచేది ఇంటి పెద్ద. ఇంతవరకు అది మగచెయ్యే. ఈసారి ఇది తెరవనీ. మొదటి దెబ్బనుంచి మొదటి గ్లాసు నిండేదాకా ఇంకో చెయ్యి పీపానిగాని కుళాయినిగాని తాకకూడదు. ఊరు ఆ గ్లాసుకి చప్పట్లు కొడితే మర్నాడే సంతకం పెడతాను. ఇంకో చెయ్యి పడిందా, నేను బతికుండగా ఈ మాట మళ్లీ ఎత్తకండి."

"సరే," అంది సిడోనీ, అన్నయ్య నోరు తెరవకముందే.

ఆ నెలంతా ఆవిడ కర్మాగారం పెరట్లో నీళ్లు నింపిన పీపాల మీద కొయ్య సుత్తితో సాధన చేసింది. అతను తన పాత ఆర్గన్ పనిముట్లకి నూనె పట్టించాడు. కోటలో ఈలవేస్తూ తిరిగాడు. అతని ఈల నేను విని ఎన్నాళ్లయిందో!

తిరునాళ్లనాడు చర్చి ముందు వేదిక కట్టారు. బాజాలు ఆగాయి. పీపా బల్లమీద ఎక్కింది. సిడోనీ తోలు ముందుగుడ్డ కట్టుకుని, చేతిలో ఇత్తడి కుళాయి పట్టుకుని నిలబడింది. పక్కనే రూప్రెఖ్ట్, చేతులు వెనక్కి కట్టుకుని. ముందు కుర్చీలో లుడాల్ఫ్.

కసాయి కోర్బినియన్ అరిచాడు. "సిడోనమ్మా, సుత్తి బరువైతే గరిటె ఇమ్మంటావా?"

"గరిటె మీ ఆవిడకే ఉంచు. దాని అవసరం నీ నెత్తికుంది!"

జనం గొల్లుమన్నారు. అప్పుడే అనుకున్నాను, ఊరు ఆవిడ పక్షమేనని.

మొదటి దెబ్బ తిన్నగా పడింది. రెండో దెబ్బకి కుళాయి లోపలికి దిగింది గాని, పక్కనుంచి బీరు చివ్వున చిమ్మింది. ఆవిడ మొహం, జుట్టు తడిసిపోయాయి. ఏమీ కాలేదు, ఇంకొక్క దెబ్బ పడితే బిగుసుకుంటుంది. ప్రతి ఏడూ అంతే. ఆవిడ సుత్తి ఎత్తింది.

అప్పుడు అతని రెండు చేతులూ వచ్చి కుళాయిని పట్టుకున్నాయి.

చిన్నప్పుడు ఒక చుక్క ఒలికితే తండ్రి అతని చొక్కాతోనే వేదిక తుడిపించేవాడు. ఆ చేతులు అప్పటివే. బుద్ధికి తెలిసేలోపు అవి పని కానిచ్చేశాయి. చిమ్మడం ఆగింది.

"మా దొర! మా దొర!" అని జనం చప్పట్లు కొట్టారు. పాపం, వాళ్లకేం తెలుసు? ప్రేమతోనే కొట్టారు.

సిడోనీ ఎత్తిన సుత్తితో అలాగే ఆగిపోయింది. అతని వేళ్లు కింద ఉంటే ఎలా కొడుతుంది?

"చెయ్యి తియ్యి అన్నయ్యా," అంది, మెల్లిగా.

అప్పుడు చూసుకున్నాడు తన చేతులు. తీశాడు. ఆవిడ ఒక్క దెబ్బ కొట్టి, గ్లాసు నింపి, అతని చేతిలో పెట్టి వేదిక దిగిపోయింది.

అతను బాబాయి దగ్గరికి పరుగెత్తాడు. "అలవాటుకొద్దీ పడింది బాబాయ్. ఆ దెబ్బ చెల్లి కొట్టేసేదే!"

"అలవాటే," అన్నాడు లుడాల్ఫ్, టోపీ పెట్టుకుంటూ. "నాకు కావలసింది కూడా అదే."

సిడోనీ మర్నాడు నా వంటింట్లోనే నిలదీసింది. "ఒక్క దెబ్బ. ఒక్క దెబ్బ ఆగలేకపోయావా?"

"అవి నా చేతుల్లా అనిపించలేదు."

"నీవే. వాటినే వెయ్యేళ్లు ఉంచుకో."

చనిపోయినవాళ్ల పండగలోపే ఆవిడ వేరే ఊళ్లో బీరు కాచే పనికి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆవిడ పని కూడా ఇతని నెత్తినే. మేస్త్రీ గడువు శుక్రవారంతో తీరుతుందనగా నేను ఉండబట్టలేక అన్నాను.

"ఒరే నాయనా, ఏ పోలీసూ నిన్ను పట్టుకోడు. సంతకం లేకపోతే పోనీ. రైలెక్కు. కప్పు కారితే కారనీ."

అతను కిటికీలోంచి రైలు స్టేషన్ వైపు చూశాడు. వెళతాడనే అనుకున్నాను.

"శనివారం పెళ్లివాళ్లొస్తున్నారు పెద్దమ్మా," అన్నాడు. "మెట్ల దగ్గర దీపం వెలగట్లేదు. ఎవరైనా పడతారు."

నిచ్చెన ఎత్తుకున్నాడు. అది పొడుగు, తలుపులోంచి తిరగలేదు. రెండో కొస నేనే పట్టుకున్నాను.