మీగడ కదలని బండి

అనంతరామయ్య దగ్గర రెండు విషయాల్లో ఎవరూ నోరెత్తకూడదు: ఒకటి ఆయిల్, రెండోది ఆయన మోటార్ సైకిల్. ఓడల యార్డులో ఇరవై ఏళ్ళు జాకీలకు ఆయిల్ పోసి రిటైరైన చెయ్యి మరి! బండికి పన్నెండేళ్ళు నిండాయి. "ఇంకా ఇదేనా అంకుల్?" అని ఎవరైనా అన్నారో, ఆ రోజుకి వాళ్ళ పని అయినట్టే.

అది 1999. ఈ పరాయి దేశంలో, రాఫెల్స్ ప్లేస్ ఆఫీసుల నిండా మన తెలుగు కుర్రాళ్ళే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయట, తిండీ తిప్పలూ మాని వాటిని దిద్దుతున్నారు. వాళ్ళలో మహీధర్ అనే గుంటూరు కుర్రాడు ఓ ఆదివారం అనంతరామయ్య వాళ్ళ జురాంగ్ ఈస్ట్ ఫ్లాట్‌కి వచ్చి, ఆయన భార్య సుభద్ర చేసిన బెండకాయ పులుసు తిన్నాడు. అంతే, మర్నాటి నుంచి అనంతరామయ్య బండి మీద ఆఫీసుకి పన్నెండు క్యారియర్లు! ముప్ఫై ఏళ్ళుగా మొగుడు తప్ప మెచ్చుకునే దిక్కు లేని వంటకి పన్నెండు మంది అభిమానులు. సుభద్ర వంటింట్లో కూనిరాగం తీయడం ఆయన మొదటిసారి అప్పుడే విన్నాడు.

తంటా అంతా బండితోనే. బ్రేకు వేస్తే చాలు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలు కిందికి కుంగి బండి ముక్కు వంచేది. వెనక పెట్టెలో పులుసు పప్పులోకీ, పప్పు పెరుగులోకీ పారేవి. "ఫోర్క్ ఆయిల్ పల్చబడింది, అంతే కదా!" అని ఆయన షాపులో ఉన్నవాటిలోకెల్లా చిక్కటిది, ఇరవై నంబరుది తెచ్చి పోశాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. బండి కర్రలా బిగుసుకుపోయి, గతుకు గతుకుకీ మూతలు ఎగిరిపడ్డాయి.

శుక్రవారం మహీధర్ నసిగాడు. "అంకుల్, మేనేజర్ ఫైల్ మీద పులుసు పడింది. ఆంటీ వంటకి వంక పెట్టలేం. కానీ సోమవారం కూడా ఇలాగే వస్తే ఆపేద్దాం అంకుల్, సారీ."

ఆ మాట సుభద్రకి చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. చెప్పక తప్పనూ లేదు. సాయంత్రం వంటింట్లో కూనిరాగం వినపడలేదు.

ఆదివారం పొద్దున్నే బ్లాకు కింద బండి విప్పాడు. పన్నెండేళ్ళలో ఏనాడూ తెరవని బండి పుస్తకం, సిగ్గు చంపుకుని తెరిచాడు. పది నంబరు ఆయిల్ అని అచ్చులో ఉంది! పాతది వంచేసి, రెండు గొట్టాల్లోనూ పది నంబరు పోసి, స్టీలు స్కేలు దించి ఎత్తు సమానంగా చూశాడు. హ్యాండిల్ నొక్కితే ముందు భాగం మెత్తగా దిగి, లేచి, కుదురుగా నిలబడింది.

సుభద్ర క్యారియర్ నిండా నీళ్ళు పోసి తెచ్చింది. ఆయన ఓ చుట్టు తిరిగి వచ్చాడు. అయినా ఒలికాయి. గతుకు వస్తే వెనక చక్రం ఇంకా ఎత్తేస్తోంది.

"ఆ వెనక స్ప్రింగు కింద మెట్లేంటండీ?" అంది సుభద్ర.

"బిగువు మార్చడానికి. అయిదో మెట్టు మీదుంది. బరువెక్కువైతే అంతే పెట్టాలి."

"ఎవరి బరువు?"

"నీదే! నిన్నూ బియ్యం బస్తానీ ఎక్కించుకుని తిరిగేవాణ్ణి కదా."

"ఓరి నాయనో! మోకాళ్ళ నొప్పులని నేను బండి దిగి ఆరేళ్ళయింది. ఈ కాస్త పప్పూ పులుసూ నా అంత బరువా?"

అనంతరామయ్య స్పానర్ తగిలించి రెండో మెట్టుకి దించాడు. మళ్ళీ చుట్టు తిరిగాడు. చుక్క నీరు ఒలకలేదు.

సోమవారం రాఫెల్స్ ప్లేస్‌లో మహీధర్ క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటే విప్పాడు. పులుసు పులుసులా, పప్పు పప్పులా ఉన్నాయి. "అంకుల్! పెరుగు మీద మీగడ కూడా కదల్లేదు!" అని అరిచాడు. పన్నెండు మందీ ఈలలు వేశారు. ఆయన ఛాతీ చొక్కాలో పట్టలేదు.

ఇంటికొచ్చేసరికి సుభద్ర బ్లాకు కింద నిలబడి ఉంది. మంచి చీర కట్టుకుంది. చంకలో పాత హెల్మెట్.

"ఒలికిందా?"

"మీగడ కూడా కదల్లేదే!"

"అయితే స్పానర్ తీయండి. మళ్ళీ అయిదో మెట్టు మీద పెట్టండి. గుడికి తీసుకెళ్ళండి."

"మరి మోకాళ్ళ నొప్పులో?"

"నాకు నొప్పులెక్కడివండీ! మీ బండి ముక్కు వంచినప్పుడల్లా ప్రాణం పోయేది. దాన్నంటే మీరు ఊరుకుంటారా? అందుకే నెపం మోకాళ్ళ మీద పెట్టాను."

ఆరేళ్ళు! అనంతరామయ్య కిందకి వంగి, మూడు మెట్లూ పైకి తిప్పాడు.