వరండాలో పడుకున్న పిల్ల

2007 జూన్‌లో, వనపర్తి బాలికల హాస్టల్‌లో వార్డెన్‌గా ఉన్న నన్ను గద్వాలకు బదిలీ చేశారు. అక్కడ చేరీ చేరగానే నా పాత పిల్లలు ఇంకో ఉద్యోగం అంటగట్టారు, జీతం లేనిది. మా హాస్టల్ పేరుతో వాళ్లు ఇంటర్‌నెట్‌లో ఒక కమ్యూనిటీ పెట్టుకున్నారు. ఓనరు వాళ్లలోని షబానా. నేను మోడరేటర్‌ని. అంటే చేరతామని వచ్చేవాళ్లను రానివ్వాలో వద్దో చూసే మనిషిని. వార్డెన్ పనే.

ఆదివారం మధ్యాహ్నాలు నెట్ సెంటర్లో పరదా వెనక కూర్చునేదాన్ని. ఆడపిల్లలు సొంత ఫొటోలు పెట్టేవారు కాదు. తెర నిండా గులాబీలు, తామరలు, చందమామలు. ఒక్కో పువ్వు వెనక నాకు తెలిసిన గొంతు. ఫ్యాను గాలికి పరదా ఊగుతుంటే, నేను ఇంకా వనపర్తి హాస్టల్ గదుల ముందే నడుస్తున్నట్టుండేది.

మొదట్లో అందరిదీ ఒకే ముచ్చట. మంది పెరిగాక రూముల వారీగా విడిపోయారు. కొత్తవాళ్లను షబానా ఒకటే అడిగేది, ఏ రూమని. దొంగ పేర్లతో మగపిల్లలు దూరకుండా అది మంచి కాపలాయే, కాదనను.

అప్పుడొచ్చిందొక బంతిపువ్వు. పేరు యాదమ్మ, ఊరు వీపనగండ్ల, ఉండేది పుణెలో. రూము అడిగితే "వరండా" అని రాసింది. షబానా నమ్మక చేర్చుకోలేదు. యాదమ్మ నాకు రాసుకుంది, అమ్మానాయిన కట్టడం పనుల మీద తిరుగుతారని, తనకు దోస్తులంటే హాస్టల్ పిల్లలేనని. చివర్లో, "ఈసారి గూడ కాదంటే మల్ల అడగ మేడం."

వరండా మాట నిజమే. వలస పోయి ఆలస్యంగా తిరిగొచ్చే పిల్లలకు గదుల్లో చోటు మిగిలేది కాదు. వరండాలో చాపలు వేయించేదాన్ని. షబానాకు ఫోన్ చేశాను. రూము లేని పిల్లను ఎట్లా నమ్మాలంది.

"సర్కారు కట్టని రూము ఆమె యాడికెల్లి తెస్తదే?" అన్నాను.

"మీరు గిట్లనే కొట్లాడ్తరు మేడం. సరే, నన్నే ఆమెను ఒక ముచ్చట అడగనియ్యుండ్రి."

వరండాలో ఏం కనబడేదని అడిగిందట. యాదమ్మ తన జవాబు నాకూ పంపింది:

"పొద్దుగాల అందరు నన్ను దాటుకుంట నీళ్లకు పోతుంటిరి. ముసుగు తియ్యకుండనే, సందుల నుంచి కాళ్లు సూసి ఎవరో చెప్తుంటి. షబానక్కకు ఒక్క కాలికే పట్టీ ఉండె. రెండోది పోయింది. ఎవరన్న ఇంట్ల చెప్తరని నడిస్తే సప్పుడు గానియ్యకుండె."

షబానా ఆ సాయంత్రమే చేర్చుకుంది. ప్రశ్న కూడా మార్చింది, "ఎక్కడ పడుకునేదానివి?" అని. అంతవరకు తలుపు తట్టని వరండా పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. అన్ని రూముల వాళ్లనూ ఎరిగింది వాళ్లే. విడిపోయిన ముచ్చట్లు వాళ్ల మీదుగానే మళ్లీ కలిశాయి.

ఇప్పుడు రిటైరయ్యాను. మా గ్రూపులో ఇంతమంది ఉన్నారని ఎవరైనా గొప్పగా చెబితే, చేరేటప్పుడు ఏం అడుగుతారని అడుగుతాను. చాలామందికి కోపం వస్తుంది. రానీ.