అమ్మమ్మ తీసేసిన సామెత

ఇవాళ ఇర్వింగ్‌లో మా ఆదివారం తెలుగు బడికి ఎవరో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తెచ్చారు. మూత తీయగానే ఆ వాసనకి మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ ఉండేదా ఈ ఆట? అమ్మమ్మ సామెత సగం చెప్పి ఆపేది. మిగతా సగం ముందుగా అందుకున్నవాళ్లకి గుప్పెడు కాయలు. ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని.

నా తొమ్మిదో ఏట ఒకరోజు, ఆడపిల్ల నవ్వుని తప్పుపట్టే సామెత ఎత్తుకుంది. మిగతా సగం నాకు నోటికొచ్చు.

"నేను చెప్పను. నేను నవ్వుతాను" అన్నాను.

పెద్దమ్మ గుడ్లురిమింది. అమ్మమ్మ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, చేటలో ఉన్న కాయలన్నీ నా గౌనులో పోసేసింది. ఆ సామెత మళ్లీ ఆవిడ నోట వినలేదు.

ఇవాళ పిల్లల కోసం నేను రాసిన సామెతల చార్ట్ చూసి, కూతురింటికి వచ్చిన ఒక పెద్దాయన సరిగ్గా ఆ నవ్వు సామెతనే అడిగారు. "అది మిస్ చేశావమ్మా. మన కల్చర్ కదా, యాడ్ చేయి."

"మిస్ చేయలేదు అంకుల్. మా అమ్మమ్మే తీసేసింది."

మార్కర్‌కి మూత పెట్టి, హాలంతా వినబడేలా నవ్వాను.