నేను చదివి వినిపించిన పేరు

పద్నాలుగేళ్లుగా ఒక పేరు నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు నేను మర్యాదస్తుణ్ని. ఆ మర్యాదను తలుచుకుంటేనే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతోంది.

సిద్దిపేటలో దస్తావేజులు రాసి బతికినవాణ్ని. ఒక బల్ల, రెండు కుర్చీలు, తెల్ల కాగితాల కట్ట. అమ్మకాలు, పంపకాలు, వీలునామాలు. చదువు రానివాళ్లు వచ్చి తమ బతుకంతా నా ముందు చెప్పుకునేవాళ్లు. నేను రాసి చదివి వినిపిస్తే, విని వేలిముద్ర వేసేవాళ్లు. నమ్మడం తప్ప వాళ్లకు వేరే దారి లేదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడెవడు?

సత్తెమ్మ మా వాడకట్టులో పిండిగిర్ని నడిపేది. పెళ్లయిన నాలుగేళ్లకే భర్త పోయాడు. పిల్లలు లేరు. జొన్నలు, గోధుమలు, మిరపకాయలు పట్టి, ఆ రెక్కల కష్టంతోనే గిర్ని ఉన్న ఇంటిని కొనుక్కుంది. ఆ కొనుగోలు కాగితం రాసింది నేనే. అందులో అత్తగారింటి సొమ్ము చిల్లిగవ్వ లేదని నాకు తెలుసు. తర్వాత తెలియనట్టు నటించాను.

గిర్నిలో మూటలు మోయడానికి మిరుదొడ్డి నుంచి ఒక కూలి మనిషి వచ్చేది. ఆమె జబ్బుచేసి చనిపోతే, ఏడేళ్ల కూతురు సునీత సత్తెమ్మ దగ్గరే ఉండిపోయింది. సత్తెమ్మ ఆ పిల్లను పది దాకా చదివించింది. ఆదివారం తనే తల దువ్వి చర్చికి పంపేది. వాళ్లమ్మ నమ్మిన దేవుణ్ని మార్చడానికి నేనెవరిని అనేది. పెద్దయ్యాక గిర్ని సునీతే చూసుకుంది. మోకాళ్లు పట్టేసిన ముసలామెకు నీళ్లు పోసింది, దవాఖానకు తిప్పింది. దత్తత కాగితం లేదు. అలాంటిదొకటి కావాలని వాళ్లిద్దరికీ తోచనే లేదు.

ఒకరోజు సత్తెమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి, తాను పోయాక ఇల్లు ఎవరికి పోతుందని అడిగింది. కాగితం లేకపోతే భర్త తరఫువాళ్లకు, అంటే మరిది కొడుకు మల్లేశానికి పోతుందని చెప్పాను. పదహారేళ్లుగా తన పక్కలో పెరిగిన పిల్ల ఏమీ కాదు, పండుగనాడైనా గడప తొక్కనివాడు వారసుడు, ఇదేం న్యాయమని అడిగింది. న్యాయం కాదు అవ్వా, చట్టం అన్నాను గొప్పగా. వీలునామా రాస్తే సునీతకే వస్తుందని కూడా నేనే చెప్పాను. అయితే వచ్చే బేస్తవారం రాయించుకుంటానని కర్ర ఊతంతో లేచి వెళ్లింది.

ఎలా తెలిసిందో, ఆ వారంలోనే మల్లేశం వచ్చాడు. బట్టల దుకాణం నడిపే మనిషి, నాతో బడిలో చదివినవాడు. నేను రాయనంటే ఆమె ఇంకొకరి దగ్గరికి పోయి రాయించుకుంటుంది. అందుకని నన్నే రాయమన్నాడు. పేరు మాత్రం తనది రాయమన్నాడు. బెదిరించలేదు. నేనేమీ పుచ్చుకోలేదు, ఒక చాయ్ తప్ప. పుచ్చుకుని ఉంటే, ఆశపడ్డానని చెప్పుకోవడానికి సాకైనా మిగిలేది. మన ఇల్లు రేపు ఎవరిదో అయిపోతుంటే మనవాళ్లం చూస్తూ ఊరుకుంటామా అన్నాడు. అంతే. మన అనే ఆ మాట నాకు తియ్యగా తగిలింది. కూలిదాని బిడ్డ. మన కులం కాదు, మన మతం కాదు. ముసలామె తెలియక చేస్తోంది, నేను సరిచేస్తున్నాను అనుకున్నాను. అదే ధర్మం అనుకున్నాను. ఒకరి రెక్కల కష్టాన్ని ఎవరికివ్వాలో చెప్పడానికి నేనెవణ్ని? నన్నెవరు పిలిచారు ధర్మం నిలబెట్టమని?

బేస్తవారం సత్తెమ్మ ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లను సాక్షులుగా తీసుకుని వచ్చింది. సునీత కూడా ఆమె చేయి పట్టుకుని వచ్చింది. ఆస్తి ఎవరికి వస్తుందో వాళ్లు రాసేటప్పుడు పక్కన ఉండకూడదు, తర్వాత పేచీలవుతాయి అని చెప్పి సునీతను ఇంటికి పంపేశాను. ఆ మాట అబద్ధం కూడా కాదు. అందరికీ చెప్పేదే. కాని నేను పంపింది అందుకు కాదు. సాక్షులిద్దరికీ సంతకం గీయడమే వచ్చు. వచ్చినవాళ్లలో కాగితం చదవగలిగింది ఆ పిల్ల ఒక్కతే.

నా ఇల్లు, గిర్ని, నా తదనంతరం మా మరిది కొడుకు మల్లేశానికి చెందవలెను అని రాశాను. తర్వాత కాగితం ఎత్తి పట్టుకుని చదివాను. మల్లేశం అని ఉన్నచోట సునీత అని చదివాను. గొంతు వణకలేదు. ఎందుకు వణకలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో లెక్కలేదు.

సత్తెమ్మ ముందుకు వంగింది.

“దాని పేరున్న కాడ ఇంకోసారి సదువు కొడుకా.”

చదివాను.

“ఏడున్నది? సూపియ్యి.”

మల్లేశం అన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించాను. ఆమె వాటిని మెల్లగా తడిమింది, నిద్రపోతున్న పిల్ల నుదురు తడిమినట్టు.

“మంచిగ రాసినవ్ బిడ్డా. ఇగ నాకు రంది లేదు,” అంది.

నేనే ఆమె బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తించాను. సాక్షులు సంతకం ఎక్కడ అని అడిగారు, పెట్టారు, వెళ్లిపోయారు. ఆ కాగితాన్ని దాచిపెడతానని నేనే ఉంచుకుని, తర్వాత మల్లేశానికి ఇచ్చాను.

రెండేళ్లకు ఆమె పోయింది. దినాలయ్యాక మల్లేశం కాగితం బయటపెట్టాడు, సునీత చేతికి మాత్రం ఇవ్వలేదు. మర్నాడు సునీత నా బల్ల దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ఎదురుగా నిలబడింది.

“అవ్వ నా పేరు మీదనే రాయించిన అన్నది సార్. మీరు రెండుసార్లు సదివి ఇనిపిచ్చిన్రట.”

అప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. నేనేం చెప్పానో తెలుసా?

“తర్వాత మనసు మార్చుకున్నది బిడ్డా. మళ్ల రాయించింది.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నువ్వు బాధపడ్తవని కావచ్చు.”

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

“నేనేమన్న తప్పు జేసిన్నా సార్? మీకేమన్న చెప్పిందా?”

లేదు అనలేదు. తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాను. నా మౌనాన్ని ఆ పిల్ల ఎలా అర్థం చేసుకుంటుందో తెలిసే సర్దుకున్నాను. ఇల్లు తీసుకున్నది మల్లేశం. కాని ఆమెను కన్నబిడ్డలా చూసిన మనిషి ప్రేమను ఆమె నుంచి లాక్కున్నది నేను. చట్టంలో ఈ దొంగతనానికి పేరు లేదు. శిక్ష లేదు. అదే నాకు ధైర్యమైంది, థూ.

ఆ వారంలోనే సునీత రెండు సంచులతో మిరుదొడ్డి వెళ్లిపోయింది. గిర్ని ఉన్నచోట మల్లేశం దుకాణాల కోసం మడిగెలు కట్టి కిరాయికిచ్చాడు. మనవాళ్లు నన్ను మెచ్చుకున్నారు. అసలు సంగతి కొందరికి తెలుసు. తెలిసినవాళ్లే ఎక్కువ మెచ్చుకున్నారు. పెళ్లిళ్లలో ముందు వరుసలో కూర్చోబెట్టారు. నేను కూర్చున్నాను.

మొన్న ఎండాకాలం మా కులపోళ్లంతా కలిసి నాకు సన్మానం చేశారు. శాలువా కప్పింది మల్లేశమే. మైకు పట్టుకుని, ఈయన కలం ఎన్నడూ అబద్ధం రాయలేదని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన నా మనవరాలు కూడా కొట్టింది. మల్లేశం కళ్లలో నవ్వు లేదు, బెదురు లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. అంత కోపం నాకు బతుకులో ఎప్పుడూ రాలేదు. ఎవరి మీద? అతని మీద అనుకున్నాను ముందు. శాలువా మడతపెడుతుంటే తెలిసింది. అతను అడిగాడు, అంతే. రాసిన చెయ్యి నాది. చదివిన నోరు నాది.

నాలుగు రోజుల తర్వాత బస్సెక్కి మిరుదొడ్డి వెళ్లాను. సునీత బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతోంది. వంట ముగించి బయటికి వచ్చేదాకా నిలబడ్డాను. వేపచెట్టు కింద అన్నీ చెప్పాను. సునీతను ఎందుకు ఇంటికి పంపించానో, ఏ పేరు రాశానో, ఏ పేరు చదివానో, సత్తెమ్మ వేలు పెట్టి ఏం తడిమిందో, ఏమందో. మళ్లీ రాయించలేదని, రాసింది ఒక్కటే కాగితమని చెప్పాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, ఎప్పుడో ఆరిపోయిన చేతులను.

“పన్నెండేండ్లు ఆమె ఫోటో ఇంట్ల పెట్టలేదు సార్ నేను,” అంది చివరికి. “నా బిడ్డ అమ్మమ్మ ఎవలని అడిగితే, ఎవల్లేరని చెప్పిన.”

నేను చేతులు జోడించాను.

“గట్ల దండం పెట్టకుండ్రి. మీరు పోండ్రి.”

వచ్చేశాను.

జరిగిందంతా నా పేరుతో రాసి, ఒక వకీలు ముందు సంతకం చేసి ఆమెకు పంపాను. కోర్టుకు రమ్మంటే వస్తానని కూడా రాశాను. ఆమె దాన్ని వాడుకుంటుందో, పొయ్యిలో పెడుతుందో నాకు తెలియదు. ఇన్నేళ్ల తర్వాత ఇల్లు తిరిగి వస్తుందో లేదో వకీలు కూడా చెప్పలేకపోయాడు. మల్లేశం మా గడపలోకి వచ్చి నన్ను పిచ్చివాడన్నాడు. నా కొడుకులు ఈ వయసులో పరువు తీశావని మాట్లాడటం మానేశారు. పరువట! ముసలామె వేలిముద్ర మీద లేపిన పరువు కూలితే కూలనీ.

మీకొక మాట చెబుతాను. వీలునామా రాయించుకుంటే నాలాంటి పెద్దమనిషి చదివాడని వేలిముద్ర వేయకండి. మీవాళ్లలో చదువొచ్చినవాళ్ల చేత మళ్లీ చదివించుకోండి. రాసినవాడికి కోపమొస్తే రానివ్వండి.

క్షమించమని సునీతను అడగలేదు, మిమ్మల్నీ అడగను. అడిగితే అదొక కొత్త దొంగతనం అవుతుంది. ఒక్కటే చేయగలిగాను. పన్నెండేళ్ల కింద ఆ పిల్ల నా ఎదుట నిలబడినప్పుడు చెప్పాల్సిన మాటను నా నోటితో చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను, అడిగినవాళ్లందరికీ చెబుతాను. సత్తెమ్మ మనసు మార్చుకోలేదు.